ఇంజిన్ స్టార్ట్ కాక బే దగ్గరికి తిరిగొచ్చిన విమానం: వాల్వును చేత్తో తెరిచి ఎగరడం సరైనదేనా?

ప్రశ్న: పెన్న ఒడ్డు, అనంతపురం

సభ్యులకు నమస్కారం. నేను అనంతపురంలో ఉపాధ్యాయుడిని. మా ఊరికి విమానాశ్రయం లేదు కనుక ఢిల్లీ వెళ్లాలంటే మాకు బెంగళూరు దగ్గరి దేవనహళ్లి విమానాశ్రయమే దిక్కు. గత నెలలో మా నాయనను వెంటబెట్టుకొని, ఢిల్లీలో ఉన్న మా చెల్లెలి ఇంటికి బెంగళూరు మీదుగా బయలుదేరాను. మా నాయన 31 సంవత్సరాలు ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. విమానం ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి.

విమానం ఎయిర్‌బస్ ఎ320. సంస్థ పేరు ఈ చర్చకు అవసరం లేదు. తలుపులు మూసి, ట్రాక్టరుతో విమానాన్ని వెనక్కి నెట్టిన తర్వాత కుడివైపు ఇంజిన్ స్టార్ట్ అయిన శబ్దం వినిపించింది. మేము కూర్చున్న ఎడమవైపు మాత్రం ఎంతసేపటికీ చప్పుడు లేదు. పది నిమిషాల తర్వాత అదే ట్రాక్టరు మమ్మల్ని తిరిగి బే, అంటే విమానాన్ని నిలిపే చోటు, దగ్గరికి లాక్కొని వచ్చింది. చిన్న సాంకేతిక సమస్య ఏర్పడిందని, ఇంజినీర్లు పరిశీలిస్తారని కెప్టెన్ ప్రకటించారు. మధ్యలో ఒకసారి దీపాలన్నీ ఆరిపోయి, ఏసీ ఆగిపోయి, కొద్దిసేపటికి మళ్లీ వచ్చాయి. ఒక ఇంజినీరు లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకొని కాక్‌పిట్‌లోకి వెళ్లి పావుగంట తర్వాత బయటికి వచ్చారు. మొత్తం మీద రెండు గంటల ఇరవై నిమిషాల ఆలస్యంతో విమానం బయలుదేరింది.

ఢిల్లీలో దిగేటప్పుడు నేను అడిగితే, స్టార్ట్ వాల్వు పనిచేయలేదని, కింద నిలబడిన ఇంజినీరు దానిని చేత్తో తెరిస్తే ఇంజిన్ స్టార్ట్ అయిందని కేబిన్ సిబ్బందిలో ఒకరు చెప్పారు. అంటే చెడిపోయిన భాగాన్ని మార్చకుండానే 180 మందిని ఎక్కించుకొని ఎగిరారన్నమాట. ఇది నిబంధనల ప్రకారం జరిగిందా, లేక ఆలస్యం పెరుగుతోందని సర్దుకుపోయారా అన్నది నా సందేహం. బయలుదేరే ముందు పరీక్షలు చేస్తారంటారు కదా, ఈ లోపం అప్పుడే ఎందుకు బయటపడలేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

మా నాయన అడిగింది వేరు. ఒకసారి బాగేపల్లి దగ్గర బ్రేకులకు గాలి ఎక్కక ఆయన బస్సు ఆపేస్తే, ప్రయాణికులు తిట్టారు, డిపోలో సంజాయిషీ అడిగారు. అందుకే ఆయన నన్ను, "ఇంజినీరు సంతకం పెట్టి బండి బాగుందన్నాక కూడా, నేను తీయను అనే హక్కు ఈ డ్రైవరుకు ఉందా?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు.

జవాబు 1: బురుజు నీడ, కర్నూలు

నేను విమాన నిర్వహణ ఇంజినీరుగా 34 సంవత్సరాలు పనిచేసి, ఇప్పుడు కర్నూలులో విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ సందేహాలలో ఇంజినీరుకు సంబంధించిన భాగానికి నేను సమాధానం చెబుతాను. కాక్‌పిట్ సంగతి ఆ కుర్చీలో కూర్చునేవారు చెబితేనే బాగుంటుంది.

ముందుగా ఆ వాల్వు పని ఏమిటో చూద్దాం. జెట్ ఇంజిన్ తనంతట తాను కదలలేదు. మొదట దాని లోపల తిరిగే భాగాన్ని, అంటే రోటరును, ఎవరో ఒకరు తిప్పిపెట్టాలి. ఎ320 తోక భాగంలో ఏపీయూ అనే చిన్న ఇంజిన్ ఉంటుంది. అది ఇచ్చే ఒత్తిడి గాలి గొట్టాల గుండా వచ్చి, స్టార్ట్ వాల్వు తెరుచుకోగానే స్టార్టరులోని చిన్న టర్బైనును తిప్పుతుంది. ఆ స్టార్టరు గేర్‌బాక్సు ద్వారా ఇంజిన్ రోటరును తిప్పుతుంది. తగినంత వేగం వచ్చాక ఇంధనం, నిప్పురవ్వ అందుతాయి. వేగం సుమారు 50 శాతానికి చేరేసరికి వాల్వు మూసుకొని స్టార్టరు తప్పుకుంటుంది. అక్కడి నుంచి ఢిల్లీలో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసేవరకు మామూలుగా ఆ వాల్వుకు పని లేదు. కాబట్టి తెరుచుకోని వాల్వు మిమ్మల్ని నేల మీద ఆపగలదు గానీ, గాలిలో ఇంజిన్‌ను ఆపలేదు. మూసుకోని వాల్వు సంగతి పూర్తిగా వేరు. ఇంజిన్ నడుస్తుండగా వాల్వు తెరిచే ఉంటే స్టార్టరు మితిమీరిన వేగంతో తిరిగి ముక్కలయ్యే ప్రమాదం ఉంది. అందుకే చేత్తో తెరిచిన తర్వాత అది గట్టిగా మూసుకుందా లేదా అన్నదే ఇంజినీరు అన్నిటికంటే శ్రద్ధగా చూసుకుంటాడు.

చేత్తో తెరవడం అంటే ఎవరో సుత్తి పట్టుకొని చేసిన నాటు వైద్యం అనుకోవద్దు. వాల్వును తయారు చేసినవారే దానికి చేత్తో తిప్పే ఏర్పాటు పెట్టారు. ఇంజిన్ కవరులో దానికోసం ఒక చిన్న ద్వారం ఉంటుంది. ఇంజినీరు హెడ్‌సెట్ పెట్టుకొని, కెప్టెన్ తెరవమన్నప్పుడు తెరుస్తాడు, మూయమన్నప్పుడు మూస్తాడు. ఈ పనిలో నిజంగా అపాయం ఉన్నది ప్రయాణికులకు కాదు, నడుస్తున్న ఇంజిన్ పక్కన నిలబడిన ఆ మనిషికి. ముందు భాగం మనిషిని లోపలికి లాగేస్తుంది, వెనుక భాగం విసిరికొడుతుంది. ఎటు నుంచి దగ్గరికి వెళ్లాలో, ఎటు నుంచి బయటికి రావాలో కూడా పుస్తకంలో రాసి ఉంటుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా సీనియరు ఒకరు కొత్త కుర్రాళ్లను ఆ పనికి పంపే ముందు జేబులో పెన్ను కూడా ఉండనిచ్చేవారు కాదు.

ఇక నిబంధన సంగతి. ప్రతి విమానానికి ఎంఈఎల్ అనే జాబితా ఉంటుంది. ఏ పరికరం పనిచేయకపోయినా ఏ షరతులతో, ఎన్ని రోజుల వరకు ఎగరవచ్చో అది చెబుతుంది. విమానం తయారీదారు దేశంలో ఆమోదం పొందిన మూల జాబితా ఒకటి ఉంటుంది. దాని ఆధారంగా ఒక్కో సంస్థ తన జాబితాను తయారు చేసుకొని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం తీసుకుంటుంది. సంస్థ జాబితా మూల జాబితాకంటే కఠినంగా ఉండవచ్చు గానీ సడలింపుగా ఉండకూడదు. లోపాలను వర్గాలుగా విడగొట్టి, 'బి' వర్గానికి 3 రోజులు, 'సి' వర్గానికి 10 రోజులు, 'డి' వర్గానికి 120 రోజులు అని గడువు పెడతారు. లోపం కనిపెట్టిన రోజు ఈ లెక్కలోకి రాదు. కొన్నింటికి ఇంజినీరు చేయవలసిన పని, కొన్నింటికి పైలట్ పాటించవలసిన పద్ధతి కూడా అక్కడే ఉంటాయి. చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ జాబితాలో కనిపించని భాగం ఏదైనా సరే, విమాన భద్రతకు సంబంధించినదైతే పనిచేసి తీరాలి. రెక్కలు లేకుండా ఎగరకూడదని ఏ జాబితాలోనూ రాసి ఉండదు.

మీరు చూసిన లావుపాటి పుస్తకం టెక్ లాగ్ అయి ఉంటుంది. పైలట్ అందులో లోపాన్ని రాస్తాడు. దాని కింద ఇంజినీరు తాను ఏం చేశాడో, ఎంఈఎల్‌లోని ఏ అంశం కింద వాయిదా వేశాడో రాసి, తన లైసెన్సు సంఖ్యతో సంతకం పెడతాడు. రేపు ఏదైనా జరిగితే విచారణలో మొదట తెరిచే పేజీ అదే.

ముందు పరీక్షల్లో ఎందుకు దొరకలేదంటే, స్టార్ట్ వాల్వు బాగుందో లేదో స్టార్ట్ చేసినప్పుడే తెలుస్తుంది. పైలట్ చుట్టూ తిరిగి చూసే పరీక్షలో టైర్లు, బ్రేకుల అరుగుదల, నూనె కారడం, వేగాన్ని కొలిచే పిటో గొట్టాల మూతలు తీశారా లేదా అన్నవి కంటికి కనబడతాయి. వాల్వును విద్యుత్తుతో కదిలించే లోపలి సాలినాయిడ్ ఎవరికీ కనబడదు.

జవాబు 2: గండికోట గాలి, కడప జిల్లా

పై జవాబు రాసిన పెద్దలకు నమస్కారం. నేను ఎ320 రకం విమానాల్లో ఫస్ట్ ఆఫీసరుగా, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే పైలట్‌గా పనిచేస్తున్నాను. సొంత ఊరు జమ్మలమడుగు దగ్గర. మిగిలిన భాగం నేను చెబుతాను. మీ విమానంలో నేను లేను కనుక, ఇలాంటి సందర్భంలో కాక్‌పిట్‌లో ఏం జరుగుతుందో మాత్రమే చెప్పగలను.

వాల్వు తెరుచుకోకపోతే మధ్య తెరపై 'స్టార్ట్ వాల్వ్ ఫాల్ట్' అని సందేశం వస్తుంది. ఆ తెర చెప్పిన పనులు ముగించాక ఆ ప్రయత్నం ఆపేస్తాం. అక్కడ నిలబడి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం కుదరదు, స్టార్టరు వేడెక్కకుండా దానికీ సమయ పరిమితులు ఉన్నాయి. విమానం తన శక్తితో ఇంకా కదలలేదు కనుక, ఆ దశలో మా చర్యలన్నీ ఎంఈఎల్‌కు లోబడి ఉంటాయి. దీపాలు ఆరిపోవడానికి రెండు కారణాల్లో ఒకటి ఉండవచ్చు. బయటి విద్యుత్తు నుంచి ఏపీయూకు మారేటప్పుడు క్షణకాలం ఆరవచ్చు. లేదా, ఏదైనా కంప్యూటరును రీసెట్ చేయడానికి విమానం మొత్తం విద్యుత్తును ఆపి ఉండవచ్చు. ఇంట్లో టీవీ ఆపి వేసినట్లు ఇష్టం వచ్చినట్లు చేసే పని కాదది. ఏ కంప్యూటరును ఏ పరిస్థితిలో రీసెట్ చేయవచ్చో పట్టిక ఉంటుంది, అందులో లేనిదాన్ని ముట్టుకోము.

ఇక మీ నాయనగారి ప్రశ్న. ఉంది, ఆ హక్కు కెప్టెన్‌కు ఉంది. ఎంఈఎల్ అనుమతి ఇస్తుందే గానీ ఆజ్ఞాపించదు. ఇంజినీరు సంతకం పెట్టాక కూడా విమానాన్ని స్వీకరించాలా వద్దా అన్నది కెప్టెన్ నిర్ణయమే. ఆ నిర్ణయం కేవలం వాల్వును బట్టి ఉండదు. జాబితా ఒక్కో లోపాన్ని విడిగా చూస్తుంది, కెప్టెన్ వాటన్నింటినీ ఆ రోజు వాతావరణంతో, ఆ రన్‌వేతో, ఆ గమ్యంతో కలిపి చూస్తాడు. ఉదాహరణకు, దిగాక వేగం తగ్గించడానికి ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించే థ్రస్ట్ రివర్సరు ఒక ఇంజిన్‌లో పనిచేయకపోయినా దానిని తాళం వేసి ఎగరవచ్చు. బెంగళూరులో 4,000 మీటర్ల పొడి రన్‌వే మీద అది పెద్ద విషయం కాదు. గమ్యంలో రన్‌వే పొట్టిగా ఉండి, వాన కురుస్తూ, బ్రేకులలో కూడా ఒకదానికి సమస్య ఉంటే, రెండింటికీ విడివిడిగా అనుమతి ఉన్నా నేను కలిసి ఎగిరిన కెప్టెన్లలో చాలామంది తల అడ్డంగా ఊపుతారు. మన కడప, ఓర్వకల్లు రన్‌వేలు 2,000 మీటర్లవే కనుక అక్కడికి వచ్చే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాల పైలట్లకు ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది.

మీ వాల్వు విషయంలో కెప్టెన్ ఆలోచించే అంశాలు మూడు ఉంటాయి. మొదటిది, గాలిలో ఆ ఇంజిన్ ఆగిపోతే తిరిగి వెలిగించడం ఎలా అన్నది. తగినంత వేగం ఉంటే ఎదురుగాలికే రోటరు తిరుగుతుంది కనుక స్టార్టరు అక్కరలేదు. తక్కువ వేగంలో మాత్రం స్టార్టరు సహాయం కావాలి, వాల్వు మూసుకుపోయి ఉంటే ఆ ఒక్క దారి ఉండదు. బురుజు నీడ గారు వాల్వుకు గాలిలో మామూలుగా పని లేదన్నది నిజమే, ఆ 'మామూలుగా' అన్న మాట పక్కన పైలట్ ఈ గమనిక రాసుకుంటాడు. రెండోది, ఢిల్లీలో మళ్లీ చేత్తో తెరవగల ఇంజినీరు ఉన్నారా అన్నది. ఢిల్లీలో ఉంటారు. చిన్న ఊరికి వెళ్లే విమానమైతే, వెళ్లిన విమానం అక్కడే చిక్కుకుపోతుంది కాబట్టి చాలాసార్లు విమానాన్నే మారుస్తారు. మూడోది మా డ్యూటీ గడువు. పైలట్లు ఒక రోజులో ఎన్ని గంటలు పనిచేయవచ్చో పరిమితి ఉంది. నేలమీద గడిచిన ఆలస్యం కూడా అందులోనే కలుస్తుంది. బాగు చేసిన విమానం ముందర పైలట్ల గడువు ముగిసి, వేరే సిబ్బంది కోసం ఎదురుచూసిన రోజులు నాకు గుర్తున్నాయి.

నిజానికి నాకు లోపంకంటే లోపం సరిచేశాక వచ్చే అరగంట ఎక్కువ భయం. 2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పాన్ఎయిర్ వారి ఎండీ-82 విమానం రన్‌వే దాకా వెళ్లి, బయటి ఉష్ణోగ్రతను కొలిచే పరికరం నేలమీదే వేడెక్కుతోందని తిరిగి వచ్చింది. ఇంజినీరు ఎంఈఎల్ ప్రకారమే దాని హీటరుకు విద్యుత్తు ఆపి విమానాన్ని విడుదల చేశారు. రెండోసారి బయలుదేరేటప్పుడు తక్కువ వేగంలో విమానం పైకి లేవడానికి తోడ్పడే రెక్కల ఫ్లాప్‌లను దించడం పైలట్లు మరచిపోయారు, దానిని హెచ్చరించవలసిన అలారం మోగలేదు. విమానంలో ఉన్న 172 మందిలో 154 మంది చనిపోయారు. వారిని చంపింది ఆ చిన్న హీటరు కాదు. తిరిగి వచ్చి, ఆలస్యమై, మధ్యలో తెగిపోయిన చెక్‌లిస్టును పూర్తిగా మళ్లీ చదవకపోవడం అందులో పెద్ద భాగం. అందుకే బే దగ్గరికి తిరిగి వచ్చిన తర్వాత నా పక్కన కూర్చునే కెప్టెన్లు చాలామంది ఇంధనం, బరువు లెక్క, ఫ్లాప్‌లు, అన్నింటినీ మొదటి నుంచి, అసలు ఏమీ చేయనట్లుగా మొదలుపెడతారు. ప్రయాణికులకు అది మరో ఇరవై నిమిషాల ఆలస్యంగా కనబడుతుంది.

మరొక మాట. ఏదైనా లోపం రన్‌వే మీద పరుగు మొదలయ్యాక కనిపిస్తే పద్ధతి మారుతుంది. ఎ320లో వేగం 100 నాట్లు, అంటే గంటకు సుమారు 185 కిలోమీటర్లు చేరేలోపు దాదాపు ఏ హెచ్చరిక వచ్చినా ఆపవచ్చు. అది దాటితే ఇంజిన్ వైఫల్యం, మంట వంటి తీవ్రమైన వాటికే ఆపుతాం. వీ1 అనే నిర్ణయ వేగం దాటాక ఆపము, గాలిలోకి తీసుకెళ్లి అక్కడ చూసుకుంటాం. ఆపిన సందర్భంలో కూడా బ్రేకులు బాగా వేడెక్కి ఉండవచ్చు కనుక, వాటి ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెల్సియస్‌కంటే కిందికి దిగేవరకు మళ్లీ బయలుదేరకూడదు. మే నెలలో మన సీమ ఎండలో అవి ఎంతసేపటికి చల్లారతాయో మీరే ఊహించుకోవచ్చు.

జవాబు 3: పాత కడప

పై ఇద్దరూ చెప్పినది విలువైన సమాచారం, కాదనను. కానీ ప్రయాణికుడి వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. రెండు గంటలు లోపల కూర్చోబెట్టి, 'చిన్న సాంకేతిక సమస్య' అని హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పి ఊరుకుంటే, మొదటిసారి విమానం ఎక్కిన ఒక పెద్దాయన ఏమనుకోవాలి? 'ఇంజిన్ స్టార్ట్ చేసే వాల్వు తెరుచుకోవడం లేదు, దానిని చేత్తో తెరిచే పద్ధతి ఉంది, ఇంజినీరు వచ్చి చూస్తున్నారు' అని మూడు వాక్యాల్లో చెబితే ఎవరూ బెంబేలెత్తరు. మౌనమే అసలు భయాన్ని పెంచుతుంది.

పెన్న ఒడ్డు గారికి ఉపయోగపడే విషయం ఒకటి. డీజీసీఏ నిబంధన ప్రకారం, రెండున్నర గంటల వరకు ప్రయాణ సమయం ఉన్న విమానం 2 గంటలు, రెండున్నర నుంచి 5 గంటల మధ్య ప్రయాణ సమయం ఉన్న విమానం 3 గంటలు ఆలస్యమైతే ఎదురుచూసేవారికి ఆహారం, పానీయాలు ఇవ్వాలి. బెంగళూరు, ఢిల్లీల మధ్య ప్రయాణం రెండున్నర గంటలు దాటుతుంది కనుక, మీ రెండు గంటల ఇరవై నిమిషాల ఆలస్యం ఆ హద్దులోకి రాలేదు. నీళ్లు ఇచ్చి ఉంటే అది వారి మర్యాద. ఆలస్యం 6 గంటలు దాటే పరిస్థితి ఉంటే వేరే విమానం గానీ, పూర్తి డబ్బు వాపసు గానీ కోరుకునే హక్కు ప్రయాణికుడికి ఉంది.

జవాబు 4: గండికోట గాలి

పాత కడప గారి విమర్శను ఒప్పుకుంటున్నాను. ప్రకటన చేసే సమయంలో కెప్టెన్ ఒక చెవితో ఇంజినీరుతో, మరో చెవితో సంస్థ ఆపరేషన్స్ గదితో మాట్లాడుతూ ఉంటాడు, కారణం ఇంకా తేలకముందే ఏదో ఒకటి చెబితే తర్వాత మార్చుకోవలసి వస్తుంది. అయినా, కారణం తేలిన తర్వాత కూడా చెప్పకపోవడానికి అది సాకు కాదు. తెలుగు వచ్చిన పైలట్ ఉన్నప్పుడు తెలుగులో చెప్పడానికి అడ్డేమీ లేదు. నేను హైదరాబాదు, విశాఖ మార్గాల్లో చెబుతున్నాను. బెంగళూరు నుంచి ఢిల్లీకి వెళ్లే విమానంలో సీమవాళ్లు కూడా ఉంటారన్న సంగతి మాత్రం ఇన్నాళ్లూ తట్టలేదు.

జవాబు 5: పెన్న ఒడ్డు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను మా నాయనకు మొత్తం చదివి వినిపించాను. ఇంజినీరు సంతకం తర్వాత కూడా కెప్టెన్ వద్దనవచ్చు అన్న చోట ఆపించి, ఆ భాగాన్ని రెండోసారి చదివించుకున్నారు. మాడ్రిడ్ సంగతి విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, డిపోలో బండి అప్పగించేటప్పుడు తాము కూడా లోపాలను రాసేవాళ్లమని, మరుసటి రోజు ఆ కాగితం కనబడేది కాదని చెప్పి, విమానం పుస్తకంలో రాసిన పేజీని ఎవరైనా చించేస్తే ఏమవుతుందని మిమ్మల్ని అడగమన్నారు.

జవాబు 6: బురుజు నీడ

ఆర్టీసీ పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. టెక్ లాగ్‌లో ప్రతి పేజీకి సంఖ్య ఉంటుంది, కింద నకలు కాగితాలు ఉంటాయి. విమానం తలుపు మూసేలోపు ఒక నకలును చించి కింద ఉన్న ఇంజినీరు చేతికి ఇస్తారు. కొన్ని సంస్థల్లో ఇప్పుడు ఆ పుస్తకం టాబ్‌లోకి మారింది, అక్కడ ఆ నకలు ముందుగానే ఆఫీసుకు చేరిపోతుంది. విమానం ఎక్కడికి వెళ్లినా, ఆ కాగితం మాత్రం నేలమీదే ఉంటుంది.